గోడ మీది నీటి గీత

బందరు, 14 అక్టోబరు 1958

డచ్చివాళ్ల పాత గిడ్డంగిని మా వరి విత్తనాల పరిశోధనశాలగా మారుస్తున్నారు. ఇవాళ తాపీమేస్త్రీ యేసురత్నం గోడ గీకుతుంటే, పాత సున్నం కింద ఉలితో చెక్కిన అడ్డగీత ఒకటి బయటపడింది. దాన్నీ పూడ్చేయమన్నాను.

అతను తాపీ కింద పెట్టేశాడు. "తొంభై ఏళ్ల కిందటి ఉప్పెన నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయండీ. మా ముత్తాత చెక్కాడని చెప్పుకోవడమే గానీ, ఎక్కడుందో ఇన్నాళ్లూ తెలీలేదు. దీని మీద సున్నం వెయ్యమనకండి."

చెయ్యెత్తి చూశాను. మునివేళ్ల మీద నిలబడినా గీత అందలేదు. సముద్రం ఈ గదిలో ఇంత ఎత్తున నిలబడిందా! గోడ మాత్రం చెక్కుచెదరలేదు.

విత్తనాల సీసాలకు అలమారాలు గీతకు పైనే కట్టమన్నాను. విత్తనం కావాలంటే ఇక నిచ్చెన ఎక్కాల్సిందే.

నా కుర్చీ మాత్రం గీత కిందే.