లెక్కలోకి రాని పదకొండు బ్రేకులు

రహదారి పరీక్షల అనుమతుల అధికారి గారి సముఖమునకు, యోతెబోరి నగరం.

అయ్యా,

విషయం: వచ్చే గురువారం ఉదయం పది గంటలకు మూడు లారీలు ఒకదాని వెనుక ఒకటి తమంతట తాము నడుచుటకు తమరు దయతో ఇచ్చిన అనుమతిని, అంతే దయతో రద్దు చేయుట గురించి.

1. అర్జీదారునైన నేను డాక్టరేట్ ముగించి, వాహనాలు రేడియోలో కబుర్లు చెప్పుకుంటూ కలిసి నడిచే విద్యపై రెండేళ్లుగా పరిశోధన చేయుచున్నాను. ముందు లారీ బ్రేకు వేస్తున్నానని చెప్పిన క్షణమే వెనుకది కూడా వేయవలెను. మధ్య దూరం పది మీటర్లు. ప్రోగ్రాము రాసింది నేనే.

2. కబురు అందకపోతే వెనుక లారీ వెంటనే వేగం తగ్గించేది. ఆ కుదుపుకు లారీలో కూర్చున్న అతిథుల కాఫీ ఒలికేది. అందుచేత, కబురు రాకపోతే ఒక సెకనుపాటు పాత కబురే నిజమనుకొమ్మని మార్చితిని. అందరూ మెచ్చుకొనిరి.

3. మార్చి పద్నాలుగున మా పరీక్షల బాట మీదికి దుప్పి ఒకటి దూకినది. రెండో లారీ బ్రేకు వేసినది. మూడోదానికి కబురు రాలేదు; పాత కబురే నమ్మి అదే వేగాన సాగినది. అందులో కూర్చున్న డ్రైవరు గునెల్ గారు కాలితో బ్రేకు తొక్కకపోతే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. దిగి చూస్తే రెండు లారీల సందులో నా మూర కూడా పట్టలేదు. "అమ్మాయ్, నీ లారీ కునుకు తీసిందే!" అని నవ్వింది ఆవిడ.

4. డ్రైవరు బ్రేకు తొక్కిన పరీక్ష చెల్లదని మా ప్రయోగశాల నియమం. యంత్రం పనిలో మనిషి వేలుపెట్టినట్టు లెక్క. అలాంటివి పదకొండు కొట్టివేసి, మిగిలిన రెండు వందల పన్నెండులో ప్రమాదసూచన ఒక్కటీ లేదని తమరికి ధ్రువపత్రం పంపితిమి. సంతకం నాదే. నియమం ప్రకారం అందులో అబద్ధం లేదు. అదే నా భయం.

5. మా ఆచార్యుడు హోకన్‌కు చెప్పితిని. "గురువారం మంత్రిగారు వస్తుంటే ఇప్పుడా నీ గుండెదడ?" అన్నాడు.

"ఆ పదకొండూ కలిపి ఒక్కసారి చూడు, హోకన్."

"కలిపితే అనుమతి పోతుంది కదా, తూవె!"

6. గురువారం కెమెరాల ముందు గునెల్ గారు రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తి కూర్చోవలెనట. అది ఖాళీ బాట కాదు, జనం తిరిగే రహదారి. అయ్యా, కళ్లు మూస్తే ఆ సందే కనబడుతోంది.

కావున నా ఉద్యోగం ఉన్నా ఊడినా సరే, బుధవారంలోగా ఆ అనుమతిని రద్దుచేసి ఒక మనిషి ప్రాణం నిలుపవలెనని ప్రార్థించుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తూవె లిండ్‌మార్క్

తా.క. ఈ అర్జీని ఇప్పుడే గునెల్ గారికి చదివి వినిపించాను. "పదకొండేంటి అమ్మాయ్? ఇంకా బోలెడున్నాయి! కాలు పెడితే పరీక్ష కొట్టేస్తున్నారు, నువ్వేమో ఏడుపుమొహం పెడుతున్నావు. జాలేసి, స్టీరింగు పక్కనున్న వేరే బ్రేకు మీటతో మెల్లగా ఆపేదాన్ని. కాలి బ్రేకును రాసుకునే మీ పెట్టె ఆ మీటను లెక్క రాయదుగా!" అంది. ఎన్నిసార్లు అని అడిగాను. గుర్తులేదంది. మిగిలిన రెండు వందల పన్నెండులో నా లారీ తనంతట తాను ఎన్నిసార్లు ఆగిందో ఇప్పుడు నాకు తెలియదు. జవాబు రాయకండి, అది చేరేసరికి గురువారం దాటిపోతుంది. ఫోన్ చేయండి. దయచేసి ఇది చదివిన వెంటనే చేయండి.