లేని మేడకు పన్ను

ఖఫ్జీ, సౌదీ అరేబియా,
14 అక్టోబరు 1991

చి.ల.సౌ. భాగ్యలక్ష్మికి,

నీ భర్త రాజలింగు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, నా రేకుపెట్టె, పక్క మంచం బుచ్చన్న గురక అందరమూ క్షేమం. అక్కడ నువ్వు, అమ్మ, తమ్ముడు రాము, మరదలు సంధ్య, ఇంటి పెంకులు క్షేమమని తలుస్తాను. పెంకుల సంగతి ఎందుకు అడిగానో కింద తెలుస్తుంది.

నీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది. అడిగినవాటికి జవాబులు. బాంబులు పడటం లేదు, యుద్ధం ఫిబ్రవరిలోనే అయిపోయింది. అమ్మకు మరోసారి చెప్పు. కువైట్ వైపు నూనె బావులు ఇంకా మండుతున్నాయి గనుక గాలి ఇటు తిరిగితే ఆరేసిన బనియన్లు నల్లబడతాయి, అంతే. అన్నం బాగానే తింటున్నాను. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు వచ్చిన రోజే అయిపోయింది. మూత తీయగానే క్యాంపు మొత్తానికి వాసన తెలిసిపోయింది. ఇంకొక మాట, కవరు మీద 'ఫోర్‌మన్ రాజలింగు' అని రాయకు. ఉట్టి పేరు చాలు. కారణం తర్వాత చెబుతాను.

ఇక అసలు సంగతి. మునిసిపల్ ఆఫీసు నుంచి ఇంటిపన్ను లెక్కగట్టే మనిషి టేపు పట్టుకుని వచ్చి "మేడ ఏదమ్మా?" అని ఇల్లంతా వెతికాడని, అమ్మ బయటికొచ్చి "మీదున్నది ఆకాశం బిడ్డా, గదానిక్కూడ పన్నేస్తరా? ఏస్తే ఏస్కో, కొల్సుకో" అన్నదని రాశావు. చదివి వినిపిస్తే బుచ్చన్న నవ్వలేక మంచం మీంచి కిందికి జారాడు. నేనూ నవ్వాను గానీ రెండో కాగితం తిప్పగానే నా నవ్వు ఆగిపోయింది.

"పన్ను మూడింతలైంది. సొంతోళ్లే కాపురముంటే ఇచ్చే తగ్గింపు గూడ తీసేసిన్రు. మీ క్యాంపు నాగేందర్ సెలవు మీదొచ్చి నువ్వు నింపి పంపిన పన్ను ఫారం కవరు రాము చేతికిచ్చిండు, రాము ఒక్కడే పొయ్యి ఆఫీసుల ఇచ్చిండు. మనిల్లు చూసి ఓర్వలేక నడుమ వాడే గీకిండు" అని రాశావు. వాకిట్లో ముళ్లకంప అడ్డం వేశావట. అమ్మ ఆ కంప మీదుగా ఇటు కూర అటు, అటు చారు ఇటు అందిస్తోందట. రాము వెనక రేకుల గది ఖాళీ చేసి, దీపావళి కాగానే వేరే ఊరు పోతానని సామాను సర్దుకుంటున్నాడట.

అది చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. బాగా తింటున్నానని పైన రాసింది దానికి ముందు సంగతి.

భాగ్యా, రాము ఏమీ గీకలేదు. పాపం వాడు ఆ కవరు విప్పనైనా విప్పలేదు. ఆ ఫారం నింపించింది నేనే.

ఎట్లా జరిగిందో చెబుతాను, తిట్లు చివర్లో పెట్టుకో. క్యాంపులో ఎవరి ఫారమైనా నింపేది కడప మస్తాన్ వలీ. ఇక్కడ ఫారం కనబడితే పెంచి రాయడమే అందరికీ అలవాటు, లేకుంటే వీసా రాదు. బుచ్చన్నకు నీళ్లు కాచడం రాదు, కాగితం మీద మాత్రం వంటవాడు. ఆ పుణ్యాన ఆరు నెలలు మాడిన అన్నం తిన్నాం.

"గదులెన్ని అన్నా?" అని మస్తాన్ వలీ అడిగితే "రెండు" అన్నాను. "రెండంటే ఏం బాగుంటాది? నాలుగు రాస్తాండా" అన్నాడు. "మేడ గూడ రాయి, ఎట్లైనా కడ్తడు గదా" అన్నాడు బుచ్చన్న. నేను ఆపవలసింది. కానీ వాడు రాస్తుంటే నా కళ్లకు మేడ కనబడింది, రాతిమెట్లతో సహా. ఆఖరున ఇంట్లో ఉంటున్నది సొంతవాళ్లా, కిరాయిదార్లా అని ఒక గడి. "కిరాయిదార్లని రాయి, కిరాయొచ్చే ఇల్లంటే ఇజ్జతుంటది" అన్నాడు బుచ్చన్న. అట్లా నిన్నూ అమ్మనూ మనింట్లోనే కిరాయికి పెట్టాను. ఇల్లు పెంచి రాస్తే పన్ను కూడా పెరుగుతుందని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

నువ్వు పంపిన కొత్త ఫారం నేనే కూర్చుని నింపాను. మస్తాన్ వలీని చుట్టుపక్కలకు రానివ్వలేదు. గదులు రెండు. కప్పు గూన పెంకులు. వెనక రేకుల గది ఒకటి. మేడ లేదు. ఆ తర్వాతి గడి, యజమాని ఏం పని చేస్తాడని. అక్కడ నా పెన్ను ఆగింది.

నేను ఫోర్‌మన్‌ను కాదు భాగ్యా. ఏసీల జాలీలు విప్పి కడిగే హెల్పర్‌ను. పెళ్లిచూపుల్లో మీ నాన్న ముందు చిన్నబోతానని భయపడి ఆ మాట అనేశాను, నాలుగేళ్లుగా దించుకోలేకపోయాను. నీ కవరు వచ్చినప్పుడల్లా "ఫోర్‌మన్ సాబ్ కా ఖత్ ఆయా" అని క్యాంపంతా లేచి నాకు సలాం కొడుతుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. గడిలో హెల్పర్ అనే రాశాను. ఫారంలో చూసి తెలుసుకునేకంటే నా నోటితో వింటే నయమని చెబుతున్నాను.

వచ్చే నెల ఇరవైన మునిసిపల్ ఆఫీసులో పన్ను విచారణకు ఈ ఫారం నువ్వు, రాము కలిసి తీసుకుపోండి. దానికంటే ముందు ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. హెల్పర్ ముక్క కూడా దాచకు. ఆ కంప తీసెయ్యి.

ఇంట్లో ఉంటున్నవారి గడిలో నీ పేరు, అమ్మ పేరు, రాము పేరు, సంధ్య పేరు రాశాను. సర్కారు కాగితం మీదికెక్కినవాళ్లను వెళ్లగొట్టే హక్కు నీకు లేదని గుర్తుంచుకో. వాళ్ల కింద నా పేరు కూడా రాయబోయాను. లేనివాణ్ణి ఉన్నానని రాస్తే మళ్లీ మేడ సంగతే అవుతుందని మానుకున్నాను. ఒక పేరుకు సరిపోయేంత చోటు మాత్రం వదిలాను. దాన్ని ఎవరితోనూ నింపనియ్యకు.

ఇట్లు,
ఇప్పటికైతే ఆ ఇంట్లో లేని
నీ భర్త రాజలింగు,
హెల్పర్.