నీలం చుక్కలు

మార్చి 4, మంగళవారం

మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అన్న ప్రశ్నను ఈ రోజు భర్త నోటితోనే భార్యను అడిగించారు!

అమెరికాలో ఈ యాకిమా ఊరి క్లినిక్‌లో నర్సింగ్ ట్రైనింగ్‌కు ఇదే నా మొదటి రోజు. చెకప్‌కు వచ్చిన అరసెలికి ఆరో నెల. ఆమెకు ఇంగ్లిష్ రాదు, మా నర్స్ డార్లీన్‌కు స్పానిష్ రాదు. మధ్యలో దుబాసీగా మొగుడు రొహెలియో. డార్లీన్ ఆ ప్రశ్న అడిగింది. కాళ్ళు లాగుతున్నాయా అని అడుగుతోందే అన్నాడు పెళ్ళాంతో. లాగుతున్నాయి, రాత్రిళ్ళు మరీనూ అందామె. అలాంటివేం లేవటండీ, మా ఇంట్లో దెబ్బలు తినేది నేనే అని డార్లీన్‌తో ఇంగ్లిష్‌లో జోకేశాడు. ఆవిడ నవ్వి, "లేదు" దగ్గర టిక్కు పెట్టింది.

స్పానిష్ మా ఇంటి భాష. ఆ సంగతి డార్లీన్‌కు తెలియదు. అక్కడే నోరు విప్పితే ఇంటికెళ్ళాక అరసెలి గతేమిటని పళ్ళు బిగబట్టాను. బీపీ పట్టీ చుట్టబోతే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. బీపీ ఎక్కువే ఉంది. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు.

వాళ్ళు వెళ్ళాక చెప్పాను. డార్లీన్ ముఖం పాలిపోయింది. వెంటనే కోపమొచ్చింది. ఫోన్లో దుబాసీ దొరికేలోపు కాన్పే అయిపోతుంది పిల్లా, మొగుళ్ళని బయటికి పొమ్మంటే యుద్ధం, అడగమన్నారు, అడిగాం అంది.

ఇలాంటి ప్రశ్నలు అడగడాన్ని స్క్రీనింగ్ అంటారు. స్క్రీనింగ్ అంటే జల్లించడం అనుకున్నాను. వీళ్ళు జల్లెడ ముట్టుకోకుండానే పిండి శుభ్రమంటున్నారు.

మార్చి 5

కోపం తగ్గలేదు. తగ్గకూడదు కూడా.

మార్చి 6, గురువారం

మొగుళ్ళు రాని గది ఒక్కటే ఉంది. ఆడవాళ్ళు యూరిన్ శాంపిల్ ఇచ్చే బాత్రూమ్.

నీలం చుక్కల స్టిక్కర్ల షీటు ఒకటి కొన్నాను. ఇంట్లో భయంగా ఉంటే శాంపిల్ డబ్బా మీద ఒక చుక్క అంటించండి, ఒంటరిగా మాట్లాడతాం అని స్పానిష్‌లో రాసి, షీటుతో పాటు ఆ బాత్రూమ్ గోడకు అంటించబోయాను. ఇదేమైనా కిండర్‌గార్టెనా, గోడలు పాడుచేస్తున్నావు అని డార్లీన్ విసుక్కుంది. టేపు మాత్రం తనే తెచ్చింది.

మార్చి 11, మంగళవారం

అరసెలి ఆ బాత్రూమ్‌లో ఉంటే రొహెలియో తలుపు బాదుతూనే ఉన్నాడు. కానివ్వవే, డ్యూటీకి టైమవుతోంది, లోపల కాపురం పెట్టావా అని. శాంపిల్ పెట్టే గోడ అరలోంచి డబ్బా మా చేతికొచ్చేసరికి ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఒక్క చుక్క చాలన్నాను. ఆమె షీటంతా అంటించింది. చుక్కల కింద డబ్బా కనిపించడం లేదు.

డార్లీన్ వెంటనే రొహెలియోకు ఫోన్ చేసి, మీ ఆవిడకు షుగర్ టెస్టు చెయ్యాలి, రేపు తీసుకురండి అని తేనెలా మాట్లాడింది.

సాయంత్రం

రేపు ఉదయం అతణ్ణి కౌంటర్ దగ్గరే కూర్చోబెట్టి ఇన్సూరెన్స్ ప్రశ్నలతో బుర్ర తినే పని తనదంది డార్లీన్. లోపలి గదిలో అరసెలిని ఆ ప్రశ్న నేను అడుగుతాను.

దారిలో కొత్త షీటు కొనాలి. తర్వాత వచ్చే ఆమెకు ఒక్క చుక్కా మిగల్లేదు.