నూనె తల

సోమవారం, రాత్రి. ప్రోతరాపూర్.

పొద్దున్నే బస్సెక్కి జంగ్లీఘాట్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. నడినెత్తిన రూపాయి బిళ్లంత జుట్టు ఊడి నెలయింది. అంటుకునే తామరేమోనని మా ఆవిడ మనవరాలిని నా పక్కన పడుకోనివ్వడం లేదు.

డాక్టరమ్మ చిన్న భూతద్దం మిషను నెత్తికి ఆనించింది. తెర మీద అంతా మెరుపే.

"అంకుల్, ఇంత తేల్ పూసుకొస్తే ఏం కనబడుతుంది? నెత్తి మీది పొట్టు అంతా నూనెలో అణిగిపోయింది. వారం నూనె మానేసి రండి."

పూసింది మా ఆవిడ. "డాక్టరు కాడికి ఎండు తల్తో ఎల్తారేటి? నన్నంటారు" అని చేతినిండా పట్టించింది. ఆ మాట చెప్పలేకపోయాను. అంటుతుందా, లేదా, అదొక్కటైనా అడగలేకపోయాను. తలూపి వచ్చేశాను.

మనవరాలు దిండు చంకలో పెట్టుకుని గుమ్మంలోనే ఉంది. "తాతా, డాక్టరమ్మ ఏటన్నాది?"

"ఇంకో వారం" అన్నాను. దిండు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది.

సాయంత్రం మా ఆవిడ "ఎండకి తల ఎండిపోనాది" అంటూ మళ్ళీ నూనె సీసా తెచ్చింది. గట్టిగా అరిచేశాను. సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది పాపం.

ఈ గొంతు పొద్దున జంగ్లీఘాట్‌లో ఎక్కడికి పోయిందో.