బూదికోట రోడ్డులో టైరు

అప్పా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ వ్యాన్‌లో మంచం, స్టవ్వు పెట్టించుకుని ఊళ్లు తిరుగుతూ వార్తలు రాస్తున్నాను. అన్నకు అది నచ్చలేదు. ఒక్కసారి దారిలో ఆగిపోయినా అమ్మేయాలన్నాడు.

ఈ ఉదయం బూదికోట దాటాక వెనక టైరు పంక్చరైంది. టైరు మార్చడానికి మనిషిని పంపే కంపెనీకి ఫోన్ చేస్తే మధ్యాహ్నమవుతుందన్నారు. అక్కర్లేదని చెప్పి జాకీ తీశాను.

పక్క రాగి చేనులోంచి ఒక పెద్దాయన వచ్చాడు.

"మగోళ్లు ఎవురూ లేరా అమ్మా?"

"జాకీ ఉండాది కదప్పా."

ఆయన నవ్వి గట్టు మీద కూర్చున్నాడు.

గనిలో పనిచేసేటప్పుడు పైకప్పుకు దుంగ నిలబెట్టందే నువ్వు ఎవరినీ దాని కిందికి పోనిచ్చేవాడివి కాదు. అందుకే ముందుగా స్టెప్నీని వ్యాన్ కిందికి తోశాను. టైరు విప్పగానే మెత్తటి మట్టిలో జాకీ ఒరిగింది. వ్యాన్ స్టెప్నీ మీద ఆగింది. నా చేతులకు ఏమీ కాలేదు. పెద్దాయన లేచి, జాకీ కింద పెట్టడానికి ఒక పలక రాయి తెచ్చాడు. మళ్లీ ఎత్తి, స్టెప్నీ బిగించాను.

కంపెనీలో ఉన్నది అన్న నంబరే; వాళ్ల మెసేజ్ చూసి అన్న ఫోన్ చేశాడు.

"ఆగిపోయినాది కదా, ఇంగ అమ్మేద్దాం."

"ఆగినాది. టైరు నేనే మార్చినాను. ఇప్పుడు ఆవని ఊరికి పోతా ఉండాను."