పక్క అద్దాలు

అల్లుడుగారూ,

ఇక్కడ మీ అత్తగారూ నేనూ కులాసాగానే ఉన్నాం. కారొక్కటే షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతోంది.

గేటు స్తంభాన్ని మళ్లీ గుద్దానని మీరు తాళాలు పట్టుకుపోయారు. "కళ్లు ఆనడం లేదు మామయ్యగారూ, ఇక నడపడం వద్దు" అన్నారు. కాలక్షేపానికని అచ్చం అలాంటి కారే, చిన్నది, ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పంపించారు. మంచిదే. నిన్నటితో దాన్ని బిగించడం పూర్తిచేశాను.

చట్రానికి అంటుకుని ఉన్న ముక్కల్ని బ్లేడుతో కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దాను. బియ్యపు గింజంత హెడ్‌లైట్లని పట్టకారుతో పట్టుకుని అతికించాను. జిగురు ఒక్క చుక్క బయటికి రాలేదు. ఇంత పని చేసిన కళ్లకి గేటు స్తంభం కనబడదంటారా? మీరే ఆలోచించి తాళాలు పంపండి.

పక్క అద్దాలు రెండూ ఒకవైపే పెట్టానని మీ అత్తగారు అంటోంది. కార్ల సంగతి ఆవిడకేం తెలుసని మొదట కొట్టిపారేశాను. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్లాక, వేలితో తడిమి చూశాను.

తాళాలకి తొందరేం లేదు. ముందు ఇంకో పెట్టె పంపండి. ఈసారి కాస్త పెద్ద ముక్కలున్నది చూడండి. లారీ అయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ మామయ్య