ఊడిపోవలసిన వరండా

జూన్ 9

గెలిచాను. యూనివర్సిటీ ఇళ్ల డిజైన్ కమిటీలో మా ప్రొఫెసర్ తప్ప అందరూ నా వైపే చేయెత్తారు.

గోడలూ కప్పూ ఫ్యాక్టరీలో తయారై, లారీలో వచ్చి, తీరాన బిగించుకునే చెక్క ఇల్లు మేం గీస్తున్నది. తుఫానుకు నిలవాలి. గాలి ఇంటిని తోసి పడగొడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, చూరు కిందికి దూరి కప్పును పైకెత్తుతుంది. వరండా అంటే ఆ గాలి చేతికి మనమే అందించే పిడి. అందుకే వరండా కప్పు వేరుగా, సన్నని స్క్రూలతో ఉండాలన్నాను. పెనుగాలికి వరండా ఒక్కటే ఊడి ఎగిరిపోవాలి, ఇల్లు మిగలాలి.

ఊడిపోవడానికే కట్టడం ఇంజనీరింగుకు అవమానమన్నారు ప్రొఫెసర్. యంత్రంలో ఇరుక్కుంటే తెగాల్సింది టైయా, మెడా అని అడిగాను. అందరూ నవ్వారు. ఆయన తన టై సర్దుకున్నారు.

ఇళ్లు అప్పగించే రోజున ఈ సంగతి అక్కడివాళ్లకు నేనే వివరించాలన్న తీర్మానం కూడా నాదే.

జూన్ 10

మొదటి వరుసలో ఒక ఇల్లు మా పిన్నికి వచ్చింది. ఫోన్లో ఒకటే ప్రశ్న, వరండా ఉంటుందా ఉండదా అని. ఉంటుందన్నాను. అయితే గోడలు లేకపోయినా సర్దుకుంటాలే అంది.

ఆగస్టు 21

ఇళ్లు అప్పగించారు. మైకు మాత్రం నాకు అప్పగించలేదు. శుభమా అని ఇళ్లిస్తుంటే భయపెట్టే మాటలెందుకని ప్రొఫెసర్ తానే మాట్లాడారు. ఈ ఇంట్లో ఒక్క మేకు కూడా కదలదట! చప్పట్లు.

వేదిక మెట్ల దగ్గరే నిలదీశాను. ప్రతి చోటూ డిబేట్ హాలు కాదమ్మాయ్ అన్నారు. ఇంతలో పిన్ని పరుగున వచ్చి, మా వరండా చూద్దువుగాని రావే అంటూ చేయి పట్టుకుంది. విదిలించుకున్నాను. ఆ మనిషి ఉన్నచోట ఒక్క క్షణం ఉండనని బస్సెక్కాను. ఆత్మగౌరవమంటూ ఒకటుంటుంది.

ఆగస్టు 22

యూనివర్సిటీ పత్రికకు ఘాటైన వ్యాసం రాశాను. అద్భుతంగా వచ్చింది.

అక్టోబర్ 17, ఉదయం

తుఫాను రేపు తీరం దాటుతుందట. పిన్నికి ఫోన్ చేసి, వరండా ఎగిరిపోతే కంగారుపడవద్దన్నాను. పిన్ని పకపకా నవ్వింది. మీ బాబాయి ఉండగా ఎందుకెగురుతుందే అంది.

బాబాయి బస్సు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. ఇంట్లో దిగిన వారానికే ఆ సన్నని స్క్రూలు ఆయన కంటబడ్డాయి. మనమ్మాయి డిజైన్‌ను కాంట్రాక్టరు ముంచాడని ఒళ్లు మండిందట. బస్సులకు వేసే లావుపాటి బోల్టులు తెచ్చి, వరండాను ఇంటికప్పుకు కలిపి బిగించేశాడు. అది నీ ఇల్లురా తల్లీ, నీకు మాట రానిస్తానా అన్నాడు.

మధ్యాహ్నం

మళ్లీ ఫోన్ చేశాను. బాబాయిని బోల్టులు విప్పేయమన్నాను. తుఫాను ముందు విప్పమనే ఇంజనీరును నిన్నొక్కదాన్నే చూశానన్నాడు. విప్పకపోతే వరండా తనతో కప్పును కూడా లాక్కుపోతుందన్నాను. గాలి సంగతి, బరువు సంగతి, అన్నీ చెప్పాను. ఇంత పకడ్బందీగా నేనెన్నడూ వాదించలేదు. ఆయన అంతా ఓపిగ్గా విని, ఇంతకీ భోంచేశావా అని అడిగాడు.

పిన్ని ఫోన్ లాక్కుంది. ఒక్క మేకూ కదలదని మీ ప్రొఫెసరే చెప్పాడు కదే అంది. అబద్ధమన్నాను. మరి ఆ రోజు నాతో ఒక్క ముక్క చెప్పకుండా చేయి విదిలించుకుని పోయావేం అంది.



కనీసం స్కూలు భవనానికి వెళ్లండని బతిమాలాను. పిన్ని సరేనంది. బాబాయి రాడట. తన చేత్తో బిగించిన ఇల్లు వదిలి ఎక్కడికీ రాడట.

అక్టోబర్ 18

ఫోన్లు కలవడం లేదు.

అక్టోబర్ 20

దారి తెరవగానే వెళ్లాను. వరుసలో ఒక్క వరండా లేదు. ఇళ్లన్నీ ఉన్నాయి. పిన్ని ఇంటికి మాత్రం గోడలే మిగిలాయి. కప్పు లేచిపోతూ ఒక దూలాన్ని వదిలేసింది. అది బాబాయి మీద పడింది. ప్రాణం ఆసుపత్రి దాకా కూడా ఆగలేదట.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని.

ప్రొఫెసర్ కెమెరావాళ్లతో వచ్చి, నిలిచిన ఇళ్లకు ఫొటోలు తీయిస్తున్నారు. నన్ను చూసి దగ్గరికొచ్చి, నువ్వే గెలిచావమ్మా అన్నారు.

అక్టోబర్ 23

రైలు కట్ట అవతల కప్పు దొరికింది. వరండా దానికే ఉంది. ఒక్క బోల్టూ వదల్లేదు.